నంబరక్క గ్యారేజీకి వెళ్ళిన మధ్యాహ్నం

కారు సామాన్ల షాపులో ఇరవై మూడేళ్ళుగా కౌంటరు దగ్గర కూర్చుంటున్న ఆవిణ్ణి మెకానిక్కులందరూ నంబరక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఎవరైనా వచ్చి, "అక్కా, ముందు చక్రం వెనకాల గుండ్రంగా రబ్బరుది ఒకటుంటుంది చూడు, అదీ" అంటే చాలు. ఏ కారు, ఏ సంవత్సరంది అని రెండే ప్రశ్నలు వేసి, పదంకెల నంబరు గుక్కతిప్పుకోకుండా చెప్పేసి, చెవి మీది పెన్సిలు తీసి చీటీ మీద రాసి, అరల వైపు నడుస్తుంది. షాపులోకి కంప్యూటరు వచ్చాక కూడా ఇదే వరస. ముందు అక్క చెబుతుంది, కాసేపటికి కంప్యూటరు కూడా ఔనంటుంది అని మెకానిక్కులు నవ్వుకునేవాళ్ళు.

ఆవిడ ఆ షాపులో చేరింది బిల్లులు టైపు చెయ్యడానికి, అదీ మూడు నెలలకే. పురిటికి వెళ్ళిన అమ్మాయి బదులు వచ్చింది. ఆ అమ్మాయి తిరిగి రాలేదు, ఈవిడ తిరిగి వెళ్ళలేదు. టైపు చేసీ చేసీ నంబర్లన్నీ నోటికొచ్చేశాయి. కొన్నాళ్ళకి ఓనరే ఆవిణ్ణి కౌంటరు దగ్గరికి మార్చాడు.

ఒక్క విషయం మాత్రం ఎవరికీ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు. అన్ని వేల సామాన్లు అమ్మిన మనిషి, అందులో ఒక్కటి కూడా కారులో బిగించి ఉండగా చూడలేదు. డ్రైవింగు రాదు. ఎవరైనా బోనెట్ ఎత్తితే చీరకి మరకలవుతాయని నాలుగడుగులు వెనక్కి జరిగేది. సామాను అంటే ఆవిడకి ఒక అట్టపెట్టె, దాని మీద నంబరు, చేతిలో దాని బరువు, అది ఉండే అర. కారులో అది ఎక్కడ కూర్చుంటుందో, కూర్చుని ఏం చేస్తుందో తన పని కాదనుకుంది.

ఇల్లు షాపుకి పది నిమిషాల నడక. కింద వాటాలో ఆవిడ, భర్త, అత్తగారు. భర్త ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మిషను మీద పనిచేస్తాడు. ఆ చప్పుడుకి చెవులు కొంచెం మందగించాయి. సగం మాటలు వినపడవు, వినపడ్డ సగానికి జవాబు చెప్పడు. పై వాటాలో మరిది, తోడికోడలు. మరిదికి రెండు వీధుల అవతల గ్యారేజీ. ఎవరి వంట వాళ్ళదే అయినా రాత్రి భోజనం మాత్రం అందరూ కింద కలిసి చెయ్యాలని అత్తగారి రూలు. ఆవిడ రూలు మార్చే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

మరిది చేతిలో మంచి పని ఉంది. నోరే కాస్త దురుసు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు, కానీ ఎదుటి మనిషి మాట పూర్తిగా వినే ఓపిక లేదు. వదిన నంబర్ల మీద అతనికి గురి, అతని చేతుల మీద ఆవిడకి గురి. పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా, ఆవిడ పని అతను కౌంటరు ఇవతల నించి చూసిందే, అతని పని ఆవిడ గేటు బయట నించి చూసిందే.

ఇదిలా ఉండగా ఒకరోజు పశువుల డాక్టరమ్మ కారు గ్యారేజీకి వచ్చింది. పెద్ద కారు, ఆరు సిలిండర్ల ఇంజను, మూడు ఎడమవైపు, మూడు కుడివైపు. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ లైటు వెలుగుతోంది. మరిది స్కానర్ తగిలించి, తప్పెక్కడుందో చెప్పే కోడ్లు చదివాడు. పొగగొట్టాల మొదట్లో ఉండే రెండు ఆక్సిజన్ సెన్సర్లూ ముసలివైపోయాయని తేలింది. రెండూ మార్చేస్తే సరి. షాపుకి ఫోను చేశాడు. వదిన నంబరు చెప్పింది, రెండు పెట్టెలు పంపింది. రెండువైపులకీ ఒకటే నంబరు. డాక్టరమ్మకి ఊరవతల ఏదో ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురు రావడంతో ఆవిడ తొందరపెట్టింది. ఇతను పాతవి రెండూ ఒకేసారి ఊడదీసి, కొత్తవి రెండూ బిగించి, కోడ్లు చెరిపేసి పంపించేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. లైటు వెలుగుతోంది. పైగా కారు సిగ్నల్ దగ్గర ఆగితే మూలుగుతోంది, వెనకాల పచ్చి పెట్రోలు వాసన కొడుతోంది. స్కానర్ పెడితే పాత కోడ్లు లేవు. కొత్తవి రెండు వచ్చాయి. ఇంజను ఒకవైపు పెట్రోలు మరీ ఎక్కువైందని ఒకటి, రెండోవైపు మరీ తక్కువైందని ఇంకొకటి. నిన్నటిదాకా లేని రోగం మందు వేసుకున్నాక వచ్చింది. అంటే మందే చెడ్డదని మరిది తీర్మానించేశాడు.

షాపుకి వచ్చి పెట్టెలు రెండూ కౌంటరు మీద పెట్టాడు.

"వదినా, ఇవి పాడు సరుకు. మార్చు."

"రెండూనా?"

"రెండూ."

కరెంటు సామాన్లు ఒకసారి బిగించాక వాపసు తీసుకోకూడదని గోడ మీద బోర్డుంది. ఆ బోర్డు రాయించింది ఆవిడే. ఓనరు వైపు చూసింది. ఓనరు మొహం చిట్లించాడు కానీ, మీ మరిదేగా, ఇచ్చెయ్ అన్నాడు. ఆవిడ ఇంకో జత తీసిచ్చి, వాపసొచ్చిన జత మీద "పాడైనవి" అని పెన్సిలుతో రాసి కింది సొరుగులో పెట్టింది.

రెండో జత బిగించాక రెండు కోడ్లు కాస్తా మూడయ్యాయి. పాత రెండూ అలాగే ఉన్నాయి. ఎడమ సెన్సర్‌లో హీటరు పనిచెయ్యడం లేదని మూడోది. ఈ సెన్సర్ బాగా వేడెక్కితేగానీ పనిచెయ్యదు, తొందరగా వేడెక్కడానికి లోపల సన్నటి హీటరు ఉంటుంది. మరిది కారు కింద దూరి, ఎడమ సెన్సర్ విప్పి, బల్ల మీద పెట్టి మీటరుతో చూశాడు. హీటరు శుభ్రంగా ఉంది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ ఎడమ హీటరు చచ్చిందనే స్కానర్ అంది. అద్దె స్కానర్ ఇంకొకటి తెచ్చి పెట్టాడు. అదీ ఆ మాటే అంది.

అతను ఈసారి షాపుకి వచ్చిన వేళకి కౌంటరు ముందు అయిదారుగురు మెకానిక్కులున్నారు.

"డబ్బాల్లో చెత్త పెట్టి అమ్ముతున్నారా? నంబర్లు బట్టీ పడితే సరిపోయిందా? లోపల ఏముందో కూడా చూడాలి!"

ఆవిడ చేతిలో ఉన్న చీటీ పూర్తిగా రాసి, ఎదురుగా ఉన్న మనిషికి ఇచ్చి, అప్పుడు తలెత్తింది.

"నీకేం కావాలి?" అని అడిగింది, కొత్త మనిషిని అడిగినట్టు.

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గరిటల చప్పుడు తప్ప ఏమీ లేదు. మరిది మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. తోడికోడలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఎవరి పక్షమూ కాకుండా కూర గిన్నె పక్షాన నిలబడింది. భర్తకి ఏమీ వినపడలేదు, వినపడడానికి ఏమీ లేదు కూడా. చివరికి అత్తగారే అడిగింది.

"ఏవిట్రా, కారు చెడిందా, నోరు చెడిందా?"

"కారే," అన్నాడు మరిది.

"నోరు కూడా," అంది నంబరక్క, మంచినీళ్ళు పోస్తూ.

తప్పు తనదేనేమోనన్న అనుమానం ఆవిణ్ణి రాత్రంతా పీడించింది. పొద్దున్నే షాపుకి వెళ్ళి, సరుకు పంపిన కంపెనీకి ఫోను చేసింది. ఆ నంబరు మారలేదు, ఆ కారుకి అదే నంబరు అన్నారు. ఈ నెలలో ఇంకెవరైనా వాపసు చేశారా అని అడిగింది. లేదన్నారు. అరలోంచి కొత్త పెట్టె ఒకటి తీసి, ఇరవై మూడేళ్ళలో మొట్టమొదటిసారి సీలు చించి చూసింది. బొటనవేలంత లోహపు ముక్క, దానికి మూరెడు తీగ, తీగ చివర నల్లటి ప్లగ్గు. దీనికి ఇంత గొడవా అనిపించింది. పెట్టె అడుగున మడత కాగితం ఒకటుంది. హీటరు తీగల మధ్య మీటరు పెడితే ఏ అంకె రావాలో అందులో రాసి ఉంది. ఇన్నేళ్ళూ అలాంటి కాగితాలు వేలకొద్దీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళాయి.

వారంలో ఒక రోజు షాపుకి మధ్యాహ్నం నించి సెలవు, అది మర్నాడే వచ్చింది. ఆవిడ ఆ కాగితం మడిచి సంచిలో వేసుకుని, ఇంటికి వెళ్ళకుండా గ్యారేజీ దారి పట్టింది.

రేకుల కప్పు, ఇద్దరు మనుషులు చేతులు చాపితే అందేంత గోడలు, నూనె తాగి నల్లబడ్డ నేల. డాక్టరమ్మ కారు జాకీల మీద ఎత్తి ఉంది. కింద మరిది కాళ్ళు కనబడుతున్నాయి. వదిన చెప్పులు చూసి కాబోలు, కాళ్ళు కదలడం ఆపేశాయి.

"ఏంటి ఇలా వచ్చావు?" అంది కింది నించి గొంతు.

"చూద్దామని."

"ఏం చూస్తావు?"

"నేనమ్మింది ఎక్కడ పెట్టావో."

అతను బయటికి జారి వచ్చి, లేచి కూర్చుని, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మొన్నటి మాట ఇద్దరి మధ్యా ఉంది కానీ ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వంగి చూసింది. ఏమీ అర్థం కాలేదు. అంతా గొట్టాలు, తీగలు, మసి.

"ఏది ఏదో చెప్పు. నాకు తెలీదు కదా."

అతనికి విసుగొచ్చింది. కానీ మొన్న అన్న మాట ఒకటి నెత్తి మీద ఉండడంతో చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజను ఎడమవైపు నించి ఒక పొగగొట్టం వస్తుంది, దానికి ఒక సెన్సర్. కుడివైపు నించి ఒకటి, దానికి ఇంకొకటి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇది కనిపెట్టి కంప్యూటరుకి చెబుతుంది. ఎక్కువ మిగిలితే పెట్రోలు చాలట్లేదని అర్థం, కంప్యూటరు పెంచుతుంది. తక్కువ మిగిలితే తగ్గిస్తుంది. ఎడమవైపు లెక్క ఎడమది, కుడివైపు లెక్క కుడిది.

"మరి హీటరు పోయిందన్నది ఏది?"

"ఎడమది. నేను విప్పి చూశాను. బాగానే ఉంది."

"కుడిది చూశావా?"

"కుడిది పోయిందని అది అనలేదు వదినా. ఎడమదే అంది. బాగుందన్న దాన్ని ఎందుకు విప్పుతాను?"

"ఎడమది పోయిందంది, అది పోలేదు కదా. ఎడమ విషయంలో తప్పు చెప్పింది, కుడి విషయంలో మాత్రం నిజమే చెప్పిందని ఎలా నమ్మావు?"

అతను పానా తీసుకుని మళ్ళీ కింద దూరాడు. పావుగంట తరవాత కుడి సెన్సర్ బల్ల మీద ఉంది. ఆవిడ సంచిలోంచి కాగితం తీసి విప్పింది. అతను మీటరు సూదులు రెండూ తీగలకి ఆనించాడు. మీటరులో ఏ అంకే రాలేదు. ఇంకోసారి ఆనించాడు. రాలేదు. లోపల హీటరు తెగిపోయి ఉంది.

"చూశావా, నేను చెప్పలే," అన్నాడు మరిది, గొంతు పెంచి. "సరుకు పాడే."

"అవును," అంది ఆవిడ. "ఇది పాడే." ఆ మాట అనడానికి ఆవిడకి కొంచెం కష్టమైంది. "కానీ పోయింది కుడిదైతే ఎడమది అని ఎందుకన్నట్టు?"

మరిది ఆ సెన్సర్ బల్ల మీద పెట్టాడు. తరవాత దీపం తీసుకుని బోనెట్ లోపలికి, ఇంజను వెనకవైపుకి వంగాడు. అక్కడ చెయ్యి తప్ప తల పట్టేంత జాగా లేదు. ఒకే రేకు మీద సెన్సర్ల ప్లగ్గులు గుచ్చే చోట్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నల్లవే, రెండూ ఒకటే సైజు. ఇన్నిసార్లూ ప్లగ్గుల్ని అతను తడుముడుతోనే ఊడదీశాడు, తడుముడుతోనే పెట్టాడు. ఇప్పుడు చిన్న అద్దం లోపలికి పెట్టి, ఒక్కొక్క తీగా ఎటు పోతోందో చూశాడు.

రెండోసారి కూడా చూశాడు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"అడ్డం పడ్డాయి," అన్నాడు, తల బయటికి తియ్యకుండానే. "ఎడమదాని ప్లగ్గు కుడిదాని చోట్లో ఉంది. అంటే కుడిదాన్ని ఎడమదాంట్లో పెట్టాను."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అతను బయటికొచ్చి స్టూలు మీద కూర్చుని, ఈసారి విసుగు లేకుండా చెప్పాడు. కుడి సెన్సర్ చెప్పింది కంప్యూటరు ఎడమదనుకుంటోంది. అది పెట్రోలు చాలదంటే ఎడమవైపు పెంచుతోంది. పెంచినా కుడివైపు ఏమీ మారదు కదా, ఇంకా చాలదనే వస్తుంది. ఇంకా పెంచుతుంది. అటువైపు ఇలాగే తగ్గించుకుంటూ పోతుంది. అలా ఒకవైపు పెట్రోల్లో మునిగి, ఇంకోవైపు పస్తు. మొదటి జత పెట్టిన రోజు నించీ ఇదే జరుగుతోంది. అంటే మొదటి జత నిక్షేపంలా ఉంది. తను పట్టుబట్టి మార్పించిన రెండో జతలోనే ఒకటి పాడైనది వచ్చింది.

"ఒక మాట," అంది ఆవిడ. "ఇది పాడవకపోయుంటే ఇంకా తెలిసేది కాదేమో."

అతను స్టూలు మీంచి లేచాడు.

ఆవిడ షాపుకి వెళ్ళి, ఓనరిచ్చిన తాళంతో తలుపు తెరిచి, సొరుగులోంచి మొదటి జతలో ఒకటి తీసుకొచ్చింది. "పాడైనవి" అని తను రాసిన అక్షరాలు దారిలో రబ్బరుతో చెరిపింది. అతను దాన్ని కుడివైపు బిగించి, ప్లగ్గులు రెండూ దేని చోట దాన్ని పెట్టి, కోడ్లు చెరిపి, "ఎక్కు, ఒక చుట్టు తిప్పి చూద్దాం" అన్నాడు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని స్కానర్ ఒళ్ళో పెట్టుకుంది. రెండు గీతలు తెర మీద పైకీ కిందకీ ఊగుతూ ఉన్నాయి. ఇలా ఊగితే మంచిదేనా అని అడిగితే, ఊగకపోతేనే చెడ్డది అన్నాడు. అరగంట తిరిగారు. లైటు వెలగలేదు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి నంబరక్క ఇంకా గ్యారేజీలోనే ఉంది, చేతులు కడుక్కుంటూ.

"ఏంటయ్యా సంగతి?" అంది డాక్టరమ్మ.

"కొత్త సెన్సర్‌లో హీటరు పోయిందమ్మా. మార్చాను. ఇంకేం భయం లేదు."

డాక్టరమ్మ నంబరక్క వైపు తిరిగింది. "మీ షాపు నించి వచ్చిందేనా?"

మరిది కారు తాళాలు వెతుకుతున్నట్టు బల్ల వైపు తిరిగాడు.

"మా షాపు నించి వచ్చిందే," అంది నంబరక్క. చేతులు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని ఇంటికి నడిచింది.

ఆ రాత్రి మరిది కంచంలో పెట్టింది తిన్నాడు, మారు అడగలేదు. అది చూసి తోడికోడలు అక్క వైపు కనుబొమలెగరేసింది. అక్క పట్టించుకోలేదు. అత్తగారికి మాత్రం కథ పూర్తి కావాలి.

"కారు సంగతి తేలిందా?"

"తేలింది," అన్నాడు మరిది.

"తప్పెవరిది?"

అతను నోట్లో ముద్ద నములుతూ ఉండిపోయాడు. ఎంతసేపటికీ అది అయిపోలేదు.

"ఇద్దరిదీ కాస్త కాస్త అత్తయ్యా," అంది నంబరక్క.

ఆవిడకి కోపం రాలేదని కాదు. వచ్చింది. డాక్టరమ్మ ఎదురుగా నిజం చెప్పేసి ఉంటే ఎలా ఉండేదని రెండు మూడు రోజులు నంబర్లు చెబుతూనే ఆలోచించింది. ఓనరుకి జరిగింది జరిగినట్టు చెప్పింది. మంచి జతని పాడైనవని వాపసు తీసుకున్నానని కూడా చెప్పింది. ఆయన మూలిగి, బోర్డు ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాయించమన్నాడు. మరిదితో మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే అతను ఇంకో అబద్ధం ఆడాల్సి వస్తుందని ఆవిడకి తెలుసు.

నెల దాటాక ఒక పొద్దున్న షాపు కిటకిటలాడుతోంది. బ్రేకు పట్టీల కోసం మరిది కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. అతని ముందు బస్టాండు దగ్గర గ్యారేజీ లావుపాటాయన సెన్సర్ల పెట్టెలు రెండు కౌంటరు మీద ఠపీమని పెట్టాడు.

"నంబరక్కా, ఇవి పనికిరావు. పెట్టగానే రెండు కొత్త కోడ్లు పుట్టుకొచ్చాయి."

"ఏమని వస్తున్నాయి?" అంది ఆవిడ.

"ఒకపక్క పెట్రోలు ఎక్కువంటది, ఒకపక్క తక్కువంటది. ఏం సరుకు అమ్ముతున్నారో ఏంటో!"

ఆవిడ నోరు తెరిచేలోపే వెనక నించి గొంతు వచ్చింది.

"బావా, ముందు ప్లగ్గులు చూసుకో. అడ్డం పెట్టి ఉంటావు."

"నేనా? నాకు తెలీదా?"

"నాకూ తెలుసనే అనుకున్నా," అన్నాడు మరిది. "డాక్టరమ్మ కారుకి నేనే అడ్డం పెట్టా. వారం రోజులు సరుకుని తిట్టా. ఇక్కడే నిలబడి మా వదిన్ని కూడా తిట్టా. తప్పు నాది. వెళ్ళి చూసుకో."

ఎవరో నవ్వబోయి, అతని మొహం చూసి మానుకున్నారు. లావుపాటాయన పెట్టెలు తిరిగి చంకలో పెట్టుకుని, చూస్తానులే అని గొణుక్కుంటూ వెళ్ళాడు. మరిది ముందుకొచ్చి కౌంటరు మీద మోచెయ్యి ఆనించాడు. చెవులు రెండూ ఎర్రబడి ఉన్నాయి. బ్రేకు పట్టీలు అడిగాడు. ఆవిడ నంబరు చెప్పింది, చీటీ రాసింది, తెచ్చి ఇచ్చింది.

"డాక్టరమ్మకి నిన్ననే చెప్పేశా," అన్నాడు, పెట్టె తీసుకుంటూ, ఆవిడ వైపు చూడకుండా.

"ఏమంది?"

"లైటు రావట్లేదుగా, ఇంకెందుకులే అంది."

తరవాతి సెలవు మధ్యాహ్నం నంబరక్క మళ్ళీ గ్యారేజీకి వెళ్ళింది. ఈసారి పాత చీర కట్టుకుని వెళ్ళింది. వాటర్ పంపు ఎక్కడుంటుందో చూడాలంది. ఇప్పటికి మూడొందలు అమ్మి ఉంటాను, బరువు తప్ప ఏమీ తెలీదు అంది. మరిది బోనెట్ ఎత్తి, దీపం తగిలించి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఇంకా దగ్గరికి రా వదినా," అన్నాడు. "అక్కణ్ణించి కనబడదు."